ఫోర్డ్ రోజుకు 5 డాలర్ల కూలి ఎందుకిచ్చాడు? తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ క్లాసులో ఎకనామిక్స్ చెప్పేటప్పుడు అమెరికా కార్ల కంపెనీ యజమాని హెన్రీ ఫోర్డ్ కథ వస్తే చాలు, పిల్లలు రెండు జట్లుగా విడిపోతారు. ఒక జట్టుకు ఆయన దానకర్ణుడు, ఇంకో జట్టుకు జిత్తులమారి. ఏటా అవే అనుమానాలు, అదే వాదన. జవాబులన్నీ ఒకచోట రాసిపెడితే నా గొంతుకు కాస్త విశ్రాంతి దొరుకుతుందని ఈ పేజీ తయారుచేశాను. మీకు ఏ ప్రశ్న కావాలో దాని దగ్గరికే నేరుగా వెళ్లొచ్చు.

## పెంపుకు ముందు

అసలు ఫోర్డ్ చేసిందేమిటి? రెండు ముక్కల్లో చెప్పండి

1914 జనవరి 5న అమెరికాలోని డెట్రాయిట్‌లో ఫోర్డ్ మోటార్ కంపెనీ విలేకరులను పిలిచి ఒక ప్రకటన చేసింది. అప్పటిదాకా తొమ్మిది గంటల పనికి మామూలు కార్మికుడికి రోజుకు 2.34 డాలర్లు ముట్టేవి. ఇకమీదట ఎనిమిది గంటల పనికి 5 డాలర్లు అన్నారు. గంట లెక్కన చూస్తే 26 సెంట్లు కాస్తా 62 సెంట్ల పైచిలుకు అయింది. జనవరి 12 నుంచి అమలు. షరతులు లేకపోలేదు. కానీ ఏ యూనియనూ సమ్మె చేసి అడక్కుండానే, చట్టం బలవంతం లేకుండానే ఒక యజమాని కూలిని ఇంతగా పెంచడం అప్పట్లో ఎవరూ కనీవినీ ఎరగరు.

అప్పుడు ఆ ఫ్యాక్టరీలో పని ఎలా ఉండేది?

డెట్రాయిట్‌ను ఆనుకుని ఉన్న హైలాండ్ పార్క్‌లో 1910లో ఆ ఫ్యాక్టరీ మొదలైంది. అక్కడ తయారయ్యేది ఒకే ఒక్క రకం కారు, మోడల్ టి. 1913 ఏప్రిల్‌లో మాగ్నెటో అనే భాగం దగ్గర అసెంబ్లీ లైన్‌ను మొదటిసారి ప్రయత్నించి చూశారు. ఒక మనిషి 20 నిమిషాల్లో బిగించే పనిని ముక్కలుగా విడగొట్టి వరుసగా నిలబడ్డ మనుషులకు పంచితే 13 నిమిషాల చిల్లరకు దిగింది, ఆ తర్వాత 5 నిమిషాలకు వచ్చింది. అదే పద్ధతిని ఛాసీకి, అంటే కారు అడుగు చట్రానికి, పెట్టారు. పన్నెండున్నర గంటలు పట్టే కూర్పు 1914 మొదటి నెలలకల్లా గంటా 33 నిమిషాల్లో అయిపోయింది.

ఇది యజమాని వైపు నుంచి కనిపించే బొమ్మ. కార్మికుడి వైపు నుంచి చూస్తే, నిన్నటిదాకా చేతిలో పనితనం ఉన్న మెకానిక్ ఇవాళ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే నట్టు బిగిస్తూ నిలబడాలి. పని వేగం అతని చేతిలో లేదు, లైన్ చేతిలో ఉంది.

ఆ రోజుల్లో పని దొరకడమే గొప్ప కదా, మరి కార్మికులు ఎందుకు మానేసేవాళ్లు?

డెట్రాయిట్‌లో అప్పుడు కార్ల కంపెనీలు వీధికొకటి ఉండేవి. ఫోర్డ్ దగ్గర విసుగొస్తే పక్క గేటు దగ్గర అంతే కూలికి పని దొరికేది. పని బోరు, వేగం ఎక్కువ, కోపమొస్తే ఫోర్‌మన్ అక్కడికక్కడే పీకేసేవాడు. ఇన్ని భరించి అక్కడే ఉండటానికి కారణం ఏముంటుంది? చాలామంది రాజీనామా కూడా చెప్పేవాళ్లు కాదు, మర్నాడు రావడం మానేసేవాళ్లు, అంతే. పైగా రోజూ పదిమందిలో ఒకరు గైర్హాజరు.

మానేసినవాళ్లు 370 శాతం అంటారు. వందకు మించి ఎలా మానేస్తారు సార్?

ఈ ప్రశ్న అడగని బ్యాచ్ లేదు. ఇక్కడ లెక్క మనుషులది కాదు, కుర్చీలది. ఫ్యాక్టరీలో ఉన్న ఉద్యోగాలు దాదాపు 14 వేలు. ఆ 14 వేల చోట్లు ఖాళీ పడకుండా చూసుకోవడానికి 1913లో కంపెనీ పనిలోకి తీసుకున్నవాళ్లు సుమారు 52 వేల మంది. 52ను 14తో భాగిస్తే 3.7 వస్తుంది, అదే 370 శాతం. మీ ఇంట్లో ఏడాదిలో నలుగురు పనిమనుషులు మారారనుకోండి, మీ ఇంటి లెక్క దాదాపు 400 శాతం.

కూలి పెంచే ముందు వేరే మందు ఏదీ వేసి చూడలేదా?

వేశారు. 1913 అక్టోబరులో జాన్ ఆర్. లీ అనే అధికారి కొన్ని మార్పులు తెచ్చాడు. కూలి సగటున 13 శాతం పెరిగింది. అరవైకి పైగా ఉన్న కూలి రేట్లను ఎనిమిదికి కుదించారు. అన్నిటికన్నా ముఖ్యం, మనిషిని పనిలోంచి తీసేసే అధికారం ఫోర్‌మన్ చేతిలోంచి తీసేసి వేరే విభాగానికి అప్పగించారు. మన దగ్గర మేస్త్రీ చేతిలో కూలీల బతుకు ఎలా ఉంటుందో చూసినవాళ్లకు ఇదెంత పెద్ద మార్పో వేరే చెప్పక్కర్లేదు. మానేసేవాళ్లు కొంత తగ్గారు, కానీ యాజమాన్యానికి అది చాలలేదు.

## ప్రకటన రోజులు

ఈ ఆలోచన ఫోర్డ్‌దా, లేక కజెన్స్‌దా?

జేమ్స్ కజెన్స్ కంపెనీ ఉపాధ్యక్షుడు, డబ్బు లెక్కలన్నీ చూసేవాడు. విలేకరులకు ప్రకటన చదివి వినిపించింది ఆయనే, ఫోర్డ్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడని చెబుతారు. మూడు డాలర్ల దగ్గర మొదలైన చర్చను ఐదు దాకా లాగింది కజెన్సే అని ఒక కథ, ఫోర్డే అని ఇంకో కథ. లోపల ఉన్నవాళ్లు తర్వాత తలా ఒక రకంగా చెప్పుకున్నారు. కజెన్స్ 1915లో కంపెనీ వదిలి వెళ్లాడు, తర్వాత డెట్రాయిట్ మేయరు, ఆ తర్వాత సెనేటర్ అయ్యాడు. పేరు మాత్రం ఫోర్డ్‌కే మిగిలింది.

ప్రకటన రాగానే జనం ఏం చేశారు?

రెండు షిఫ్టుల బదులు మూడు షిఫ్టులు పెడుతున్నాం కాబట్టి ఇంకా నాలుగు వేల మంది కావాలని కూడా కంపెనీ చెప్పింది. అంతే, గడ్డకట్టే చలిలో తెల్లారేసరికి గేటు ముందు వేల మంది చేరారు. రైళ్లెక్కి వేరే ఊళ్ల నుంచీ వచ్చారు. కొన్ని రోజులకు పది వేలు దాటారు. జనవరి 12న తోపులాట పెరిగి, లోపలికి వెళ్లాల్సిన కార్మికులకే దారి లేకపోతే, ఫైర్ గొట్టాలతో జనం మీద నీళ్లు కొట్టారు. ఆ చలిలో నీళ్లు. అమెరికా చరిత్రలో పెద్ద వేతన కానుకగా చెప్పుకునే పథకం అమలైన మొదటి రోజు దృశ్యం ఇదీ.

మిగతా యజమానులు, పత్రికలు ఏమన్నాయి?

సామాన్యులకు ఫోర్డ్ ఒక్క రాత్రిలో హీరో అయిపోయాడు. వ్యాపార వర్గాల్లో తిట్లు పడ్డాయి. పుణ్యం, దానధర్మం లాంటివాటికి చోటు లేని వ్యాపారంలోకి వాటిని తెచ్చి పెడుతున్నాడని వాల్ స్ట్రీట్ జర్నల్ మండిపడింది. పక్క ఫ్యాక్టరీల వాళ్ల బాధ ఇంకొకటి: తమ దగ్గర మంచి పనివాళ్లంతా అటు వెళ్లిపోతే తమ గతేంటి? తిట్టినవాళ్ల భయం తప్పు కాదనే నా ఉద్దేశం. అందరి దగ్గరా ఫోర్డ్ దగ్గరున్నంత లాభం లేదు మరి.

## ఎందుకిచ్చాడు?

తన కార్లు తన కార్మికులే కొనాలని కూలి పెంచాడంటారు. నిజమేనా?

వాట్సాప్‌లో తిరిగే కథ ఇదే. లెక్క వేసి చూడండి, నిలబడదు.

పెంచింది రోజుకు 2.66 డాలర్లు. ఏడాదికి 300 రోజులు పని అనుకుంటే ఒక్కో కార్మికుడికి అదనంగా దాదాపు 800 డాలర్లు. 1914 ఆగస్టులో మోడల్ టి ధర 490 డాలర్లు. అంటే 490 డాలర్ల సరుకు అమ్ముకోవడానికి 800 డాలర్లు చేతిలో పెట్టి పంపినట్టు. కిరాణా కొట్టు గుమాస్తాకు వెయ్యి రూపాయలిచ్చి, అందులో ఆరువందలు పెట్టి మన కొట్లోనే బియ్యం కొనుక్కోరా అంటే ఆ సేటు బాగుపడతాడా? పైగా ఆ ఆరువందలూ లాభం కాదు, బియ్యం ఖరీదు పోను మిగిలేదే లాభం.

ఇంకో లెక్క. కంపెనీ ఏడాదికి అమ్మేది మూడు లక్షల దాకా కార్లు. కార్మికులు 14 వేలు. ప్రతి ఒక్కరూ ఒక్కో కారు కొన్నా మొత్తం అమ్మకంలో ఐదు శాతం కూడా దాటదు.

అయితే ఈ కథ పూర్తిగా గాల్లోంచి పుట్టలేదు. మంచి కూలి ఉంటేనే దేశంలో కొనేవాళ్లుంటారని ఫోర్డ్ తర్వాతి ఏళ్లలో గట్టిగా చెప్పేవాడు. అది 1914 నిర్ణయానికి తర్వాత తొడిగిన చొక్కా అని నా అభిప్రాయం.

పని ఎవరికైనా రెండు రోజుల్లో వస్తుందంటే, పోయినవాడి బదులు ఇంకొకడిని పెట్టుకోవచ్చు కదా? రెట్టింపు కూలి దేనికి?

నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే. పనితనం ఉన్నవాడికి ఎక్కువ ఇస్తే అర్థం చేసుకోవచ్చు. నట్టు బిగించేవాడికి ఎందుకు?

పెళ్లిలో బంతి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. ఒకడు అన్నం, వెనక ఒకడు పప్పు, ఇంకొకడు నెయ్యి. వడ్డించడం పెద్ద విద్యేం కాదు. కానీ పప్పువాడు మధ్యలో ఫోన్ మాట్లాడుతూ మాయమైతే అన్నం చల్లారిపోతుంది, నెయ్యివాడు గిన్నె పట్టుకుని దిక్కులు చూస్తుంటాడు. అదే వంటవాడే అన్నీ తెచ్చి పెట్టే చిన్న విందులో ఒకడు రాకపోతే అంత తేడా తెలియదు.

లైన్ రాకముందు ఫోర్డ్ ఫ్యాక్టరీ చిన్న విందు లాంటిది. ఒక గుంపు ఒక కారు చుట్టూ చేరి కూర్చేది. ఒకడు రాకపోతే ఆ ఒక్క కారే ఆలస్యం. లైన్ వచ్చాక ఒక్క మనిషి గైర్హాజరు వెనకున్నవాళ్లందరికీ తగులుతుంది. కొత్తవాడు వేగం అందుకునేదాకా లైన్ అతని కోసం నెమ్మదించాలి, లేదా అతను వంకరగా బిగించింది ముందుకు పోయి ఎక్కడో బయటపడాలి. పని ఎంత చిన్నదైతే మనిషి నిలకడకు విలువ అంత పెరిగింది. ఇది వింతగా ఉంటుంది, కానీ నిజం.

ఫోర్డ్ కొన్నది ఆ నిలకడనే. రోజూ సమయానికి వచ్చేవాడు, నిద్రమత్తులో లేనివాడు, వచ్చే నెల కూడా అదే చోట నిలబడేవాడు కావాలి. బయట ఎక్కడా రెండున్నర డాలర్లకు మించి రాని మనిషికి ఐదు ఇస్తే ఈ పని పోతుందన్న టెన్షనే అతన్ని సమయానికి లేపుతుంది. గేటు బయట నిలబడ్డ వేల మంది ఆ టెన్షన్‌ను రోజూ గుర్తుచేస్తూనే ఉంటారు.

యూనియన్లు వస్తాయన్న భయంతో పెంచాడా?

ఆ కారణమూ ఉంది. 1913లో ఐడబ్ల్యూడబ్ల్యూ అనే తీవ్రమైన కార్మిక సంఘం డెట్రాయిట్‌లోకి వచ్చింది, హైలాండ్ పార్క్ గేటు బయట మీటింగులు పెట్టింది. ఆ ఏడాది జూన్‌లో అదే ఊళ్లో స్టూడిబేకర్ కంపెనీలో సమ్మె జరిగింది. లైన్ మీద ఆధారపడ్డ ఫ్యాక్టరీని పదిమంది చేతులు కట్టుకుని కూర్చుంటే ఆపెయ్యొచ్చు, ఆ సంగతి యజమానికి కార్మికుడి కన్నా ముందే తెలుసు. మానేసేవాళ్లు 1913 చివరికే కొంత తగ్గారు కాబట్టి, రెట్టింపు కూలికి శాంతిని కొనుక్కోవడమే పెద్ద కారణమని వాదించే ఆర్థిక చరిత్రకారులూ ఉన్నారు. నేను దాన్ని రెండో స్థానంలో పెడతాను.

కూలి రెట్టింపు చేశాక లాభం ఎలా మిగిలింది?

ఈ పథకానికి ఏడాదికి కోటి డాలర్లు అవుతుందని కంపెనీ వేసుకున్న అంచనా. 1913లో కంపెనీ లాభం రెండున్నర కోట్ల డాలర్లకు పైనే. కాబట్టి అప్పు చేసి పప్పుకూడు కాదు. ఆ తర్వాత లైన్ వేగం పెరిగింది, కొత్తవాళ్లకు పని నేర్పే ఖర్చు తగ్గింది, కార్ల సంఖ్య పెరిగింది, ధర తగ్గుతూ పోయింది. 1916లో లాభం ఆరు కోట్ల డాలర్ల దాకా వచ్చింది. ఖర్చు తగ్గించుకోవడానికి తాము చేసిన మంచి పనుల్లో ఈ కూలి పెంపు ఒకటని ఫోర్డ్ తర్వాత రాసుకున్నాడు. ఆ మాటలో గొప్పలు కొంత ఉన్నా అబద్ధం లేదు. అయితే లాభం పెరగడంలో కూలి వాటా ఎంత, లైన్ వాటా ఎంత అని విడదీయడం కష్టం. రెండూ దాదాపు ఒకేసారి వచ్చాయి.

ఎకనామిక్స్‌లో దీన్ని ఏమంటారు?

సామర్థ్య వేతనం. మార్కెట్లో నడిచే కూలి కన్నా కావాలనే ఎక్కువ ఇస్తే, మనిషి మానేయడం, పని ఎగ్గొట్టడం తగ్గి, ఆ అదనం యజమానికే తిరిగొస్తుందన్న వాదన. మంచి కూలి ఇస్తే పనివాడు చురుగ్గా ఉంటాడని ఆడమ్ స్మిత్ 1776లోనే రాశాడు. 1984లో షపీరో, స్టిగ్లిట్జ్ అనే ఆర్థికవేత్తలు దీన్ని గణితంలో పెట్టారు: ఉద్యోగం పోతే నష్టమనిపించేంత కూలి ఇస్తేనే, వెనక కాపలా లేకపోయినా మనిషి పని చేస్తాడు. 1987లో రాఫ్, సమ్మర్స్ ఫోర్డ్ రికార్డులు తిరగేసి, ఆ గేటు ముందు క్యూలూ పెరిగిన ఉత్పత్తీ ఈ సిద్ధాంతానికి బాగానే సరిపోతున్నాయని తేల్చారు. పరీక్షలో ఈ పేర్లు రాస్తే చాలు.

అంటే మంచి మనసు అనేదే లేదంటారా?

అలా అనను. 1914 ఆగస్టులో ఫోర్డ్ ఇంకో మాటిచ్చాడు: ఏడాదిలో మూడు లక్షల కార్లు అమ్ముడైతే కొన్నవాళ్లకు కొంత డబ్బు వెనక్కి ఇస్తానని. అమ్ముడయ్యాయి, ఒక్కొక్కరికి 50 డాలర్ల చెక్కు పంపాడు. డబ్బు పంచితే పేరొస్తుంది, పేరొస్తే డబ్బొస్తుంది అన్న కిటుకు ఆయనకు తెలుసు. మనసు ఎక్కడ ఆగి లెక్క ఎక్కడ మొదలైందో బహుశా ఆయనకూ తెలిసి ఉండదు.

## షరతులు

5 డాలర్లు అందరికీ ఇచ్చారా?

లేదు. అసలు కూలి 2.34 డాలర్లే, మిగతా 2.66 డాలర్లు ‘లాభంలో వాటా’. కూలి అందరిదీ, వాటా మాత్రం అర్హులది. కనీసం ఆరు నెలల సర్వీసు ఉండాలి. భార్యాపిల్లలను చూసుకుంటున్న పెళ్లయినవాళ్లు, 22 ఏళ్లు దాటి పొదుపుగా బతుకుతున్న బ్రహ్మచారులు, అంతకన్నా చిన్నవాళ్లలో ఇంటిని పోషిస్తున్నవాళ్లు అర్హులు. ఆడవాళ్లను మొదట పక్కన పెట్టారు, వాళ్లకు ఈ రేటు 1916లో వచ్చింది. రెండు ముక్కలుగా ఇవ్వడం వెనక తెలివి ఉంది. కూలిని కోస్తే గొడవ. వాటా ఆపితే ‘నీకింకా అర్హత రాలేదు’ అంటే సరిపోతుంది.

ఇంటికి మనుషులను పంపి ఏం చూసేవాళ్లు?

దీనికోసం 1914లో సోషియలాజికల్ డిపార్ట్‌మెంట్ అని ఒకటి పెట్టారు. మొదట జాన్ లీ, తర్వాత శామ్యూల్ మార్క్విస్ అనే చర్చి పెద్ద దాన్ని నడిపారు. ఇన్‌స్పెక్టర్లు దుబాసీని వెంటపెట్టుకుని ఇంటికొచ్చేవాళ్లు. పెళ్లి నిజంగా అయిందా, పిల్లలు బడికి వెళ్తున్నారా, బ్యాంకు పుస్తకంలో ఎంతుంది, తాగుతాడా, జూదం ఆడతాడా, ఇల్లు శుభ్రంగా ఉందా, ఇంట్లో ఎంతమందిని అద్దెకు పెట్టుకున్నాడు అని రాసుకునేవాళ్లు. ఇరుగు పొరుగును కూడా అడిగేవాళ్లు. మన ఊళ్లలో పెళ్లిచూపులకు ముందు ఆరా తీస్తారే, అలా, కాకపోతే ఇక్కడ ఆరా తీసేది జీతమిచ్చేవాడు.

తప్పు దొరికితే వాటా ఆగిపోతుంది. గడువులోగా మారితే మళ్లీ ఇస్తారు, ఆరు నెలలైనా మారకపోతే ఉద్యోగమే పోతుంది.

అంత అవమానాన్ని కార్మికులు ఎందుకు ఒప్పుకున్నారు?

రెట్టింపు డబ్బు కాబట్టి. మూడింట రెండొంతులకు పైగా వలస వచ్చినవాళ్లు: పోలెండ్, రష్యా, ఇటలీ, రొమేనియా, ఇంకా అటువైపు దేశాలు. ఊళ్లో అప్పులు, ఇక్కడ అద్దెలు. ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజుకు అద్దెకున్నవాళ్లను బయటికి పంపడం, ‘భార్య’ను చూపించడం లాంటి చిట్కాలకూ కొదవ లేదు. గల్ఫ్‌లో క్యాంపుల్లో ఉండి వచ్చినవాళ్లను అడగండి, ఎక్కువ డబ్బు కోసం మనిషి ఎన్నిటికి తలూపుతాడో వాళ్లకు తెలుసు.

కూలి పెరిగాక పని తేలికైందా?

లేదు, ఇంకా బిగుసుకుంది. 1914 జనవరిలోనే ఒక కార్మికుడి భార్య పేరు రాయకుండా ఫోర్డ్‌కు ఉత్తరం రాసింది. మా ఆయన ఇంటికొచ్చి అలాగే పడిపోతున్నాడు, అన్నం కూడా తినలేకపోతున్నాడు, మీ లైన్ పద్ధతి మనుషులను బానిసల్లా తోలుతోంది, దీనికి మందే లేదా అని అడిగింది. ఆ ఐదు డాలర్లు మీరు అనుకున్న దానికన్నా పెద్ద వరమే, కానీ ఆ డబ్బు వాళ్లు ఒళ్లు పిండుకుని సంపాదిస్తున్నదేనని కూడా రాసింది. ఈ పథకం గురించి ఎంతోమంది పండితులు పేజీలకు పేజీలు రాశారు. ఆమె రాసిన నాలుగు వాక్యాలకు సాటి వచ్చింది నాకు కనబడలేదు.

ఇంగ్లీషు బడి సంగతేంటి?

అదీ 1914లోనే మొదలైంది. లైన్‌లో ‘ఆగు’ అన్న మాట అర్థం కాకపోతే చెయ్యి పోతుంది, అందుకని ఇంగ్లీషు రానివాళ్లకు షిఫ్టు అయ్యాక తరగతులు. భాషతోపాటు అమెరికా పద్ధతులూ నేర్పేవాళ్లు. పట్టా ఇచ్చే వేడుకలో విద్యార్థులు తమ దేశపు బట్టల్లో పెద్ద గుండిగలోకి దిగి, అమెరికా సూట్లు వేసుకుని పైకి వచ్చేవాళ్లు.

## తర్వాత ఏమైంది?

మానేసేవాళ్లు తగ్గారా?

తగ్గారు. 1913లో 370 శాతం ఉన్నది 1914లో 54కు, 1915లో 16కు దిగింది. రోజూ పది శాతం ఉన్న గైర్హాజరు అర శాతం లోపుకు వచ్చింది. 1914లో అమెరికాలో మాంద్యం ఉండటం వల్ల బయట ఉద్యోగాలు తక్కువే, అదీ కొంత కలిసొచ్చింది. ఆ సంగతి చెప్పకుండా ఈ అంకెలు చెబితే సగమే చెప్పినట్టు.

5 డాలర్ల విలువ ఎన్నాళ్లు నిలిచింది?

మూడు నాలుగేళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో ధరలు మండిపోయాయి, 1914కూ 1920కీ మధ్య అమెరికాలో ధరలు రెట్టింపయ్యాయి. ఫోర్డ్ 1919లో 6 డాలర్లు చేశాడు. రెట్టింపు ధరలకు ఒక్క డాలరు పెంపు. ఇంటి తనిఖీల విభాగం కూడా 1921 నాటికి మూతపడింది.

వాటాదారులు ఊరుకున్నారా?

కూలి మీద కోర్టుకు పోలేదు, డివిడెండ్ మీద, అంటే లాభంలోంచి వాటాదారులకు పంచే డబ్బు మీద, పోయారు. వాటాదారులైన డాడ్జ్ సోదరులు, అంత లాభం పెట్టుకుని మాకు ప్రత్యేక డివిడెండ్ ఆపేస్తావా అని 1916లో కేసు వేశారు. లాభాలు ఇప్పటికే ఎక్కువయ్యాయి, వాటిని జనానికి పంచుతానన్నట్టు ఫోర్డ్ కోర్టులో మాట్లాడాడు. 1919లో మిషిగన్ సుప్రీంకోర్టు కంపెనీ ఉన్నది ముందుగా వాటాదారుల లాభం కోసమేనని చెప్పి, దాదాపు 1.9 కోట్ల డాలర్లు పంచమంది. లా చదివే పిల్లలకు ఇప్పటికీ ఈ తీర్పు పాఠమే.

అంత కూలి ఇచ్చిన ఫోర్డ్ తర్వాత కార్మికుల మీద కాల్పులు జరిపించాడంటారు, నిజమా?

1932 మార్చి 7న, మహా మాంద్యంలో పని పోయిన వేల మంది డియర్‌బోర్న్‌లోని ఫోర్డ్ రూజ్ ఫ్యాక్టరీకి ఆకలి యాత్రగా వెళ్లారు. పోలీసులు, కంపెనీ కాపలావాళ్లు కాల్పులు జరిపారు. నలుగురు అక్కడే చనిపోయారు, ఇంకొకరు తర్వాత పోయారు. 1937లో కరపత్రాలు పంచడానికి వచ్చిన వాల్టర్ రూథర్ తదితర యూనియన్ నాయకులను కంపెనీ మనుషులు చితకబాదారు, ఆ ఫొటోలు దేశమంతా చూసింది. పెద్ద కార్ల కంపెనీలు మూడింటిలో యూనియన్‌తో అన్నిటికన్నా ఆలస్యంగా, 1941లో ఒప్పందం చేసుకుంది ఫోర్డే. తను ఇస్తే తీసుకోవాలి గానీ, వాళ్లడిగితే ఇవ్వకూడదు. 1914లోనూ 1937లోనూ ఆయన పట్టుదల అదే.

## మన వైపు నుంచి వచ్చే ప్రశ్నలు

మన దేశంలో ఇలాంటిది ఎవరైనా చేశారా?

కూలి రెట్టింపు చేసినవాళ్లు నాకు తెలియదు గానీ, ఇదే జబ్బుకు వేరే మందు వేసినవాడు జంషెడ్జీ టాటా. 1877లో నాగ్‌పూర్‌లో ఎంప్రెస్ మిల్లు తెరిస్తే, కూలీలు రోజుల తరబడి వచ్చేవాళ్లు కాదు. జరిమానాల బదులు ప్రావిడెంట్ ఫండ్, ప్రమాద పరిహారం, హాజరు బాగున్నవాళ్లకు బహుమతులు పెట్టాడు. 1912లో టాటాల ఉక్కు కంపెనీ ఎనిమిది గంటల పని తెచ్చింది, దేశంలో వారానికి 48 గంటల పరిమితి చట్టంలోకి రావడానికి ఇంకా మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. జంషెడ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో పెద్దవాళ్లుంటే కంపెనీ క్వార్టర్ల కథలు అడగండి.

నాకు చిన్న టిఫిన్ సెంటర్ ఉంది. కుర్రాళ్లు నిలవడం లేదు. జీతం పెంచితే ఫోర్డ్‌కు వచ్చినట్టు లాభం వస్తుందా?

నిజాయితీగా చెప్పాలంటే, అంత రాదు. ఫోర్డ్ దగ్గర మూడు ఉన్నాయి: ముందే చేతిలో బోలెడు లాభం, ఒక్కరు లేకపోయినా ఆగిపోయే లైన్, ఎన్ని చేసినా అమ్ముడయ్యే సరుకు. మీకు ఎన్ని దోసెలు వేసినా అమ్ముడవ్వాలని లేదు. కానీ మీ దోసె మాస్టర్ రాని రోజు కొట్టు మూతే కదా? అతని జీతం పక్క హోటల్ కన్నా బాగా ఎక్కువ ఉండాలి. కప్పులు కడిగే అబ్బాయికి కాస్త పెంచి, వారానికో సెలవు ఖాయంగా ఇచ్చి చూడండి.

సాఫ్ట్‌వేర్ కంపెనీల రిటెన్షన్ బోనస్ కూడా ఇదేనా?

దగ్గరి చుట్టమే. ప్రాజెక్టు మధ్యలో మనిషి వెళ్లిపోతే కోడ్ అర్థం చేసుకోవడానికే కొత్తవాడికి నెలలు పడుతుంది, అందుకే డబ్బిచ్చి ఆపుతారు. తేడా ఏంటంటే, ఫోర్డ్ లైన్ మీది పని ఎవరికైనా వచ్చేది, ఇక్కడ అలా కాదు. మూడు నెలల నోటీస్ పీరియడ్ మాత్రం ఫోర్డ్ బుర్రకు కూడా తట్టలేదు.

1914లో 5 డాలర్లంటే మన లెక్కలో ఎంత?

అప్పటి మారకంలో డాలరుకు మూడు రూపాయల పైచిలుకు, కాబట్టి 15 రూపాయల చిల్లర. 15 రూపాయలంటే అప్పుడు ఒక సావరిన్, అంటే బ్రిటిష్ బంగారు నాణెం. మా కృష్ణా, గోదావరి వైపు వాళ్లకు ఇంకా సులువుగా చెప్పాలంటే, రోజుకు సుమారు ఒక కాసు బంగారం కూలి. ఈ మాట వినగానే క్లాసులో అమ్మాయిలంతా నోళ్లు తెరుస్తారు. కానీ బంగారం ధర మిగతా సరుకుల కన్నా చాలా ఎక్కువ పెరిగింది కాబట్టి ఆ కొలత మోసం చేస్తుంది. కారుతోనే కొలుద్దాం. 490 డాలర్ల మోడల్ టి అంటే 98 రోజుల కూలి. ఇవాళ ఐదు లక్షల రూపాయల కారును 98 రోజుల సంపాదనతో కొనాలంటే రోజుకు 5,100 రూపాయలు రావాలి.